అనంతపురంలో ఏఏ మీటింగ్ వెతుక్కోవడం: ఫోన్ నుంచి తలుపు దాకా

తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కని నేను మొదటిసారి వెళ్లింది తాళం వేసిన గేటు దగ్గరికి. ఫోన్లో ఎక్కడో కనబడిన అడ్రసు పట్టుకొని, ఆదివారం సాయంత్రం, ఉతికిన చొక్కా వేసుకొని, మధ్యాహ్నం నుంచి చుక్క ముట్టకుండా వెళ్లాను. అదొక బడి. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే, "వాళ్లా? ఈడ బంద్ చేసి శానా దినాలైంది. యాడికి పోయినారో తెల్దు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు, హాయిగా అనిపించింది. "నేను వెళ్లాను, వాళ్లే లేరు" అని చెప్పుకోవడానికి సాకు దొరికింది కదా. పావుగంట తర్వాత సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక బార్‌లో కూర్చున్నాను. మళ్లీ వెతకడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

నా పొరపాటు ఏంటంటే అడ్రసు కోసం వెతికాను. అనంతపురం, కర్నూలు, కడప లాంటి ఊళ్లలో గ్రూపులు చిన్నవి. ఐదారుగురు ఉంటారు, ఒక్కోసారి ముగ్గురే. గది ఇచ్చినవాళ్లు ఖాళీ చేయమంటే చోటు మారుతుంది. ఇద్దరికి బదిలీ అయితే కొన్నాళ్లు ఆగిపోయి, మళ్లీ ఇంకో వీధిలో మొదలవుతుంది. ఇదంతా నెట్‌లో ఉన్న జాబితాలోకి ఎక్కేసరికి నెలలు పడుతుంది. అందుకే అడ్రసు పక్కన పెట్టి, తాగుడు మానిన ఒక మనిషిని వెతకండి. ఆ మనిషి దొరికితే గది ఎక్కడుందో ఆయనే చూపిస్తాడు.

అసలు ఏఏ అంటే

ఆల్కహాలిక్స్ అనానిమస్. ఇది ఆసుపత్రి కాదు, మతం కాదు, ప్రభుత్వ పథకం అంతకన్నా కాదు. 1935లో అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్లో ఒక షేర్ బ్రోకరు, ఒక సర్జన్ కలిశారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. తాగుడు పట్టి పీడిస్తున్న మనిషి అలాంటి ఇంకో మనిషితో దాచకుండా మాట్లాడితే ఆ పూటకు తాగకుండా గట్టెక్కుతున్నాడని వాళ్లకు అర్థమైంది. ఆ డాక్టరు చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు. మన దేశంలోకి 1957లో వచ్చింది. దేశం మొత్తం గ్రూపులకు ఉమ్మడి ఆఫీసు ముంబైలో ఉంది. ఫీజు లేదు, ఆధార్ అడగరు, ఇంటి పేరు కూడా అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, మీరు సభ్యులే.

మన వైపు వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టని మనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. రాయదుర్గం వైపు ఉంతకల్లు పాండురంగస్వామి దగ్గరికైతే మందు మానడానికే మాల వేసుకోవడానికి వెళ్తారు. నేను రెండుసార్లు అయ్యప్ప మాల వేశాను, రెండుసార్లూ నిలబడ్డాను. నన్ను నిలబెట్టింది భక్తి ఒక్కటే అనుకోను. పొద్దున చన్నీళ్ల స్నానానికి పిలిచే పక్కింటి స్వామి, సాయంత్రం భజన, "ఏం స్వామీ, రాలేదే" అని గురుస్వామి చేసే ఫోను, ఇవన్నీ కలిసి నిలబెట్టాయి. మాల తీయగానే ఎవరి దారిన వాళ్లు పోతారు. రెండోసారి మాల తీసిన రాత్రే తాగాను. మీటింగ్ అంటే తీయాల్సిన పని లేని మాల అనుకోండి. (మా గ్రూపులో ఒక పెద్దాయనకు ఈ పోలిక నచ్చదు. ఆయన కమ్యూనిస్టు, దేవుడి మాటెత్తితే చెవులు మూసుకుంటాడు. ఆయనా ఇక్కడే తాగుడు మానాడు.)

మీకు ఇంత అవసరమా అన్న అనుమానం ఉంటే, డాక్టర్లు అడిగే నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నారా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకు పడ్డారా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగారా? రెండింటికి ఔనంటే విషయం ఆలోచించాల్సిందే. నాలుగోదానికి ఔనంటే ముందు కింది భాగం చదవండి, తర్వాతే ఫోన్ తీయండి.

మానేసి వెళ్దాం అనుకోకండి

"రేపు మీటింగ్, ఈరోజే ఆపేసి శుభ్రంగా వెళ్దాం" అని చాలామంది అనుకుంటారు. అప్పుడప్పుడు తాగేవాళ్లకు పర్వాలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు, అందులోనూ పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడల మీద పురుగులు పాకుతున్నట్టు, చనిపోయినవాళ్లు పిలుస్తున్నట్టు ఉంటుంది, ఒళ్లు కాలిపోతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మా ఊళ్లో గాలి సోకిందంటారు. తాయెత్తు కట్టించి మంచానికి కట్టేసిన మనిషిని నేను చూశాను. ఇలాంటి లక్షణాలు కనబడితే ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి.

అనంతపురం, కర్నూలు సర్వజన వైద్యశాలల్లో, కడప రిమ్స్‌లో మానసిక వ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకొని, "తాగుడు మానాలని వచ్చాను" అని చెప్పండి. వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు. బీ1 విటమిన్ ఇస్తారు, అవసరమైతే కొన్ని రోజులు అడ్మిట్ చేసుకుంటారు. అక్కడ ఒక్క విషయంలో జాగ్రత్త: ఎంత తాగుతారో నిజం చెప్పండి. భార్య పక్కనుందని నేను "రోజుకు క్వార్టర్" అన్నాను. తాగేది దానికి మూడింతలు. మందు మోతాదు ఆ లెక్కను బట్టే వేస్తారని అప్పట్లో నాకు తెలియదు. ఇద్దరి మధ్యా మొహమాటం ఉంటే ఆమెను కాసేపు బయట కూర్చోమని డాక్టరునే చెప్పమనండి.

ఏఏకి వెళ్లాలంటే ముందు మానేసి ఉండాలన్న నియమం లేదు. పొద్దున తాగి సాయంత్రం వచ్చినా కూర్చోనిస్తారు. మాట్లాడకుండా వినమంటారు, అంతే.

ఎవరికి ఫోన్ చేయాలి

మొదటిది, ఏఏ వాళ్ల సొంత సైటు. ఫోన్లో "ఏఏ జీఎస్ఓ ఇండియా" అని వెతికితే ముంబై ఆఫీసు వెబ్‌సైటు వస్తుంది. అందులో రాష్ట్రాల వారీగా మీటింగ్ జాబితాలు, హెల్ప్‌లైన్ నంబరు ఉంటాయి. జాబితాలో అనంతపురం పేరు కనబడగానే చెప్పులు వేసుకోకండి. అక్కడున్న నంబరుకు ఫోన్ చేసి, "ఈ వారం మీటింగ్ జరుగుతోందా?" అని అడగండి. ఆ నంబరు మోగి మోగి ఆగిపోతే హెల్ప్‌లైన్‌కు చేసి, అనంతపురంలోగానీ దగ్గర్లోగానీ ఉన్న సభ్యుడి నంబరు ఇప్పించమనండి. హైదరాబాదు, బెంగళూరు లాంటి పెద్ద ఊళ్లలో గ్రూపులన్నీ కలిసి ఇంటర్‌గ్రూప్ అని ఒకటి నడుపుకుంటాయి. జిల్లాల్లో ఎవరు మానారు, ఎక్కడ కలుస్తున్నారు అన్నది చాలాసార్లు సైటు కన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది.

రెండోది 14446. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే డీ-అడిక్షన్ టోల్‌ఫ్రీ నంబరు ఇది. చికిత్స కేంద్రాల వివరాలు చెప్తారు, మాట్లాడతారు. ఏఏ మీటింగ్ వివరం ఇక్కడ దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. మనసు బాగాలేక, చావు ఆలోచనలు వస్తుంటే 14416. అది టెలీ మానస్, 2022లో మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మూడోది ఫోన్ కాదు, మనిషి. నాకు పనికొచ్చింది ఇదే. ఆసుపత్రిలో మానసిక విభాగం నర్సునో, కౌన్సెలర్‌నో పట్టుకొని "ఇక్కడికి ఏఏ వాళ్లు ఎవరైనా వస్తుంటారా?" అని అడగండి. ఆసుపత్రులకు వెళ్లి రోగులతో మాట్లాడటం ఏఏ వాళ్లు మొదటి నుంచీ చేసే పని. నా విషయంలో ఒక నర్సమ్మ మా ఆవిడకు చీటీ మీద ఒక నంబరు రాసిచ్చింది. మా ఆవిడ దాన్ని రేషన్ కార్డు కవర్‌లో పెట్టి, నాతో ఒక్క మాట అనకుండా ఐదు నెలలు దాచింది. నేనే అడిగిన రోజున తీసి ఇచ్చింది. అప్పటికి పెన్ను సిరా పసుపు రంగుకు తిరిగింది, చివరి అంకె 1 లాగానూ ఉంది, 7 లాగానూ ఉంది. రెండూ చేశాను. 1కి చేస్తే ధర్మవరంలో ఎవరో పట్టుచీరల వ్యాపారి ఎత్తాడు.

చర్చి ఫాదర్లనూ అడగొచ్చు. మీటింగులకు చాలా ఊళ్లలో చర్చి ఆవరణలో గదులు ఇస్తుంటారు. మీరు ఏ మతమైనా పర్వాలేదు, గది వాళ్లది, మీటింగ్ అందరిది.

ఫోన్లో ఏం మాట్లాడాలి

నంబరు నొక్కి, మోగకముందే కట్ చేయడం అందరూ చేసేదే. నేను నాలుగుసార్లు చేశాను. ఐదోసారి అవతల ఆయనే తిరిగి చేశాడు.

"చెప్పన్నా, మిస్డ్ కాల్ ఉండాది."

"మీటింగ్ గురించి... ఎవరో ఇచ్చినారు నంబరు."

"నీ కోసమా, ఇంట్లో వాళ్ల కోసమా?"

"నాకే."

"మంచిది. ఈ పొద్దు తాగినావా?"

"మధ్యాహ్నం కొంచెం."

"సరే. అన్నం తిన్నావా?"

అన్నం తిన్నావా అని అడుగుతాడని అనుకోలేదు. ఏ ఉద్యోగం, ఎంత కాలంగా, ఎందుకు తాగుతావ్ అన్నవేవీ అడగలేదు.

మీరు అడగాల్సినవి మర్చిపోకుండా ఒక కాగితం మీద రాసుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్నింటికి అయిపోతుంది? (తాడిపత్రి, ఉరవకొండ, గుంతకల్లు నుంచి వచ్చేవాళ్లకు చివరి ప్రశ్నే ముఖ్యం. బస్సు తప్పితే బస్టాండులో రాత్రంతా కూర్చోవాలి, బస్టాండు చుట్టూ ఏముంటాయో మీకూ తెలుసు.) గది దగ్గర గుర్తేంటి? చాలా గదులకు బోర్డు ఉండదు. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అయితే భార్య, అన్న, స్నేహితుడు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఏ భాషలో మాట్లాడతారు? బెంగళూరు వెళ్తే కన్నడం, ఇంగ్లీషు మీటింగులు ఎక్కువ, కాబట్టి హిందూపురం వాళ్లు ఇది తప్పకుండా అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరుది: "గేటు దగ్గర ఎవరైనా నిలబడతారా?" సిగ్గుపడకుండా అడగండి. మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లే చెయ్యి ఒకటి ఉంటే సగం పని అయినట్టే.

వలలో పడకండి

ఫోన్లో "మందు మానడం అనంతపురం" అని కొడితే ముందు వచ్చేవి మీటింగులు కావు, డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న ప్రకటనలు. నేను అలాంటి ఒక నంబరుకు ఫోన్ చేశాను. ఏఏ అనుకున్నాను. "ఏఏ కూడా మా దగ్గరే సార్" అన్నాడు. ఐదు నిమిషాల్లో నెలకు పాతిక వేలు, మూడు నెలల అడ్వాన్సు, రాత్రికి వ్యాన్ పంపి మనిషిని ఎత్తుకెళ్తామన్న దాకా వచ్చింది. నేనే ఆ మనిషినని ఆయనకు తెలియదు పాపం, మా తమ్ముడి గురించి అడుగుతున్నాననుకున్నాడు.

ఏఏ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే అది ఏఏ కాదు. ఏఏ ఆసుపత్రులు నడపదు, సెంటర్లు నడపదు. మీటింగ్ చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, అందులో పదో ఇరవయ్యో వేస్తారు, గది అద్దెకు, టీకి. కొత్తవాళ్లు వేయక్కర్లేదు. బయటివాళ్లు చందా ఇస్తామన్నా తీసుకోరు.

మంచి డీ-అడిక్షన్ సెంటర్లు ఉన్నాయి, వాటి అవసరం ఉన్నవాళ్లూ ఉన్నారు. చేర్చే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు రోజూ వస్తాడా అని అడగండి, లోపల చూడనివ్వమనండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టేయడం నేరం. చూపించడానికి ఒప్పుకోకపోతే అక్కడి నుంచే వెనక్కి రండి.

ఇంకొకటి, గోడల మీద ప్రకటనలు కనబడే, తాగుడు మాన్పిస్తామనే పొడి. "తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి." కొన్నింట్లో డైసల్ఫిరామ్ అనే మందు కలుపుతారన్న భయం డాక్టర్లకు ఉంది. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. తెలిసి, డాక్టరు పర్యవేక్షణలో వేసుకునేవాళ్లకు అదే మందు పనికొస్తుంది. తెలియకుండా పెడితే విషమే. వదినమ్మలకు, అక్కలకు చేతులెత్తి చెప్తున్నాను, వద్దు.

ఆ సాయంత్రం

ముందు ఏదైనా తినండి. ఉగ్గాణి, బజ్జీ, ఏదైనా సరే, కడుపు ఖాళీగా పెట్టుకోకండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ తాగుడుకు దారి చూపిస్తాయని మీటింగుల్లో తరచూ చెప్తారు. రోజూ బార్ ముందు నుంచి వెళ్లే దారి అయితే ఆరోజు ఆటో మాట్లాడుకొని ఇంకో దారిలో వెళ్లండి.

నేను గది ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. తలుపు బయట చెప్పులు లెక్కపెట్టాను, ఏడు జతలు. అందులో ఒక జత పెద్ద ఆఫీసర్లు వేసుకునే తోలు బూట్లు, ఒక జతకు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే నన్ను చూసి నవ్విన మొదటి మనిషి మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన. నాకు కాళ్లు ఆడలేదు. తొమ్మిదేళ్లుగా నా చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేస్తున్నాడు. జేబుల్లో క్వార్టర్ సీసాల మూతలు దొరికితే, తీసి చిన్న కాగితంలో చుట్టి, బట్టల మూట మీద పెట్టి పంపేవాడు. అప్పట్లో నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకునేవాణ్ణి. (ఇది ఆయన్ను అడిగే రాస్తున్నాను.)

తెలిసినవాళ్లు కనబడతారేమో అన్న భయమే చాలామందిని గేటు దగ్గర ఆపేస్తుంది. చిన్న ఊరు, కనబడతారు. మీరెందుకు వచ్చారో ఆయనా అందుకే వచ్చాడు. ఇక్కడ చూసిన మనిషి, విన్న మాట ఈ గది దాటవని మీటింగ్ మొదట్లోనే చెప్తారు. ఆయన మరుసటి రోజు మా ఇంటికి బట్టలు తెచ్చినప్పుడు మా ఆవిడ ముందు కళ్లతో కూడా ఏమీ చెప్పలేదు.

టీ ఇచ్చారు. స్టీలు గ్లాసులో సగమే పోశారు. మిగతావాళ్లకు నిండుగా ఉంది. కొత్తవాణ్ణి కదా అని చిన్నబుచ్చుకున్నాను. గ్లాసు పట్టుకున్నాక అర్థమైంది. నా చేతులు వణుకుతున్నాయి, నిండుగా పోస్తే ఒలికిపోయేది.

గంట, గంటన్నర జరుగుతుంది. చిన్న ప్రార్థనతో మొదలు. "మార్చలేనిదాన్ని ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగినదాన్ని మార్చే ధైర్యం, రెండింటికీ తేడా తెలుసుకునే వివేకం ఇవ్వు" అని దాని సారాంశం. తర్వాత ఒక్కొక్కరు, "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెప్తారు. దీన్ని షేరింగ్ అంటారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. మీ వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే చాలు. నేను మొదటి మూడు మీటింగులు అదే అన్నాను.

జీవితాంతం మానతానని ఒట్టు వేయించరు. పిల్లల తల మీద ఒట్టు వేసి తప్పినవాళ్లే ఆ గదిలో సగం మంది. ఈ ఒక్క 24 గంటలు తాగను, అంతే. బయటికి వచ్చేముందు కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. మీటింగ్ కన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే తాగాలనిపించేది మీటింగ్ లేని రోజునే.

మొదటిసారి నచ్చకపోతే

నచ్చకపోవచ్చు. మా గ్రూపులో ఒకాయన తన కథ మొదలుపెడితే ఇప్పటికీ నేను గడియారం చూస్తాను. వేరే రోజు, వేరే మనుషులు ఉన్నప్పుడు వెళ్లండి. కనీసం ఆరు మీటింగులు చూశాకే తేల్చుకోండి. ఎవరైనా మీ బీపీ, మానసిక వైద్యం మాత్రలు ఆపేయమంటే మాత్రం వినకండి. అది ఏఏ చెప్పే మాట కాదు, ఆ మనిషి సొంత పైత్యం.

మొదట్లో 90 రోజుల్లో 90 మీటింగులు చేయమని పాతవాళ్లు చెప్తారు. వారానికి ఒకటో రెండో జరిగే మన ఊళ్లలో ఇది కుదరదు. అక్కడ ఆన్‌లైన్ ఆదుకుంటుంది. కరోనా తర్వాత జూమ్‌లో మీటింగులు బాగా పెరిగాయి, తెలుగులోనూ ఉన్నాయి. లింకు కోసం మీరు ఫోన్ చేసిన మనిషినే అడగండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మిద్దె మీదికి వెళ్లండి. కెమెరా ఆపేయొచ్చు. ముఖ్యంగా, తెర మీద మీ పేరు ఏమని కనబడుతోందో ముందే చూసుకోండి. మా అమ్మాయి క్లాసుల కోసం నా ఫోన్లో జూమ్ పెట్టుకుంది. మొదటి రోజు నేను చేరగానే అవతల నుంచి, "అమ్మా, ఇది పెద్దవాళ్ల మీటింగ్, పొరపాటున వచ్చినావేమో" అన్నారు.

మధ్యలో తాగితే దాన్ని స్లిప్ అంటారు. సిగ్గుతో మొహం చాటేయకుండా ఆ వారమే వెళ్లండి. తిట్టరు. లోపల స్లిప్ అవ్వనివాళ్లే తక్కువ.

ఆడవాళ్లకు

మన జిల్లాల మీటింగుల్లో మగవాళ్లే ఎక్కువ, దాచి లాభం లేదు. తొమ్మిది మంది మగవాళ్ల మధ్య ఒక్క ఆడమనిషి కూర్చొని తాగుడు గురించి మాట్లాడటం మాటలు కాదు. ఫోన్ చేసినప్పుడే "మాట్లాడటానికి మహిళా సభ్యురాలు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. ఆమె హైదరాబాదులో ఉన్నా, బెంగళూరులో ఉన్నా ఫోన్లో దొరుకుతుంది. మహిళలకు మాత్రమే ఉండే ఆన్‌లైన్ మీటింగుల సంగతి ఆమెకే తెలుస్తుంది. దారి చూపించే స్పాన్సర్ కూడా ఆడవాళ్లకు ఆడవాళ్లే ఉండాలి.

ఇంట్లో వాళ్లకు

భర్త కోసం భార్య ఫోన్ చేస్తే మాట్లాడతారు, ధైర్యం చెప్తారు. ఆయన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టమని మాత్రం చెప్పరు. తాగేవాళ్ల కుటుంబాల కోసం వేరే గ్రూపు ఉంది, దాని పేరు అల్-అనాన్, 1951లో మొదలైంది. అక్కడ నేర్పే మూడు మాటలు మా ఆవిడ వంటింట్లో రాసి అంటించింది: ఈ తాగుడు నా వల్ల రాలేదు, నేను అదుపు చేయలేను, నేను నయం చేయలేను. మొదట చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆమె మాత్రం ఆ కాగితం అంటించినప్పటి నుంచి రాత్రిళ్లు వీధి వాకిట్లో నా కోసం ఎదురుచూడటం మానేసి నిద్రపోవడం మొదలుపెట్టింది. అల్-అనాన్ గ్రూపు దగ్గర్లో లేకపోతే దానికీ ఆన్‌లైన్ ఉంది.

ఊళ్లో అసలు లేకపోతే

కర్నూలు వాళ్లు హైదరాబాదు, కడప వాళ్లు తిరుపతి, అనంతపురం వాళ్లు బెంగళూరు పని మీద వెళ్తూనే ఉంటారు. వెళ్లిన రోజు అక్కడ ఏ మీటింగ్ ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏ ఊరి మీటింగ్‌కైనా ఎవరైనా వెళ్లొచ్చు.

ఇద్దరు దొరికితే మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. తాగుడు మానాలనుకునే ఇద్దరు అందుకోసమే కలిసి కూర్చుంటే అది గ్రూపే. ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజు, వేళ ఒకటి పెట్టుకొని, ఎవరు వచ్చినా రాకపోయినా తలుపు తీసి కూర్చోండి. ముంబై ఆఫీసుకు చెప్తే జాబితాలో చేరుస్తారు. చోటు మారితే అదే వారం జాబితాలో మార్పించండి. పాత గది గేటుకు ఒక కాగితమైనా అంటించండి, వాచ్‌మన్‌కు నంబరు ఇచ్చి వెళ్లండి.

మా గ్రూపు గది పోయిన ఏడాది మారింది. పాత చోట వాచ్‌మన్ దగ్గర నా నంబరు ఉంది. మొన్న గురువారం అక్కడి నుంచే ఒక మిస్డ్ కాల్, మోగకముందే ఆగిపోయింది. తిరిగి చేశాను. తాడిపత్రి కుర్రాడు, ఇరవై తొమ్మిదేళ్లు. "గేటు కాడ ఉండానన్నా, తాళం వేసుండాది" అన్నాడు. అక్కడే ఉండమని, ఏదైనా తిన్నావా అని అడిగి, బండి తీశాను.